గుమ్మంలో అన్న మాట

అలా గోడకేసి తిరిగి పడుకుంటే దీనికే విసుగొచ్చి పోతుందిలే అనుకుంటున్నారేమో టీచరుగారూ, నేను పోను. మీ మొండితనం నాకు ఇవాళ్టి పరిచయం. నా మొండితనంతో నేను పుట్టినప్పట్నుంచీ కాపురం చేస్తున్నాను.

పైగా ఈ కుర్చీ ఒకటి. చూడ్డానికొచ్చినవాళ్ళు ఎక్కువసేపు ఉండకూడదని ఆసుపత్రివాళ్ళు కావాలనే ఇలాంటివి చేయిస్తారనుకుంటా. కదిలితే కిర్రు, కదలకపోతే నడుం నొప్పి. అయినా సరే, కూర్చున్నాను.

మీరు లెక్కల టీచరట కదా, నర్సమ్మ చెప్పింది. గోడవైపు తిరిగి నిలబడమని ఎంతమంది పిల్లలకు శిక్ష వేసుంటారో, ఇప్పుడు మీకు మీరే వేసుకున్నారు. పిల్లలకైతే బెల్లు కొడితే శిక్ష అయిపోతుంది. మీరు బెల్లు కూడా మోగనిచ్చేటట్టు లేరు.

నిన్నట్నుంచి తినొచ్చని డాక్టరు చెప్పారట. మీరు చెంచా ముట్టలేదట. తెచ్చిన సూపు తెచ్చినట్టే వెనక్కి పోయిందట. ఇవాళ సాయంత్రంలోగా ఏమీ తినకపోతే మళ్ళీ చేతికి సూది గుచ్చి సెలైను ఎక్కిస్తారట, ఇంటికి పంపే మాట మళ్ళీ మొదటికొస్తుందట. ఇవన్నీ నీకెందుకమ్మా అంటారా? నన్ను పంపిందే అందుకు. మీచేత ఓ నాలుగు చెంచాలు తాగించి రమ్మని.

ఎందుకు తినడం లేదో నాకు చెప్పక్కర్లేదు. తింటే దొడ్డికి వస్తుంది. వస్తే, పొట్టమీద వాళ్ళు అంటించిన ఆ సంచిలోకే వస్తుంది. సంచి నిండితే ఎవరో ఒకరు దుప్పటి తీసి చూడాలి. మరి ఎవరూ చూడకూడదంటే? తినకూడదు. అంతేనా? లెక్క బాగానే చేశారు. ఒక్క మెట్టు కూడా తప్పలేదు. జవాబే చచ్చిపోవడం అని వస్తోంది, అదొక్కటి చూసుకోలేదు.

కోపం వచ్చిందా? వస్తే ఇటు తిరిగి తిట్టండి.

తిరగరు.

సరే. మీరు తిరగకపోవడానికి తిండి ఒక్కటే కారణం కాదని నాకూ తెలుసు. నేనొచ్చినప్పుడు ఆ తలుపు పూర్తిగా వేసి లేదు. గుమ్మంలో నేను మీవారితో అన్న మాట మీ చెవిన పడింది.

పడింది కదూ. మీ భుజం చెబుతోంది. నిద్రపోయేవాళ్ళ భుజం అలా బిగుసుకుని ఉండదు.

మొదట్నుంచి చెబుతాను, వినండి. వినకపోయినా చెబుతాను. మాదొక గుంపుంది. గుంపంటే మరీ మందలా ఉంటుందేమో, సంఘం అందాం. పొట్టమీద సంచి ఉన్నవాళ్ళందరం నెలకో ఆదివారం కలుస్తాం. ఎక్కడనుకున్నారు? కళ్ళద్దాల కొట్టు పైన. ఆ కొట్టు ఆవిడే మాకు పెద్దదిక్కు. అందరం కళ్ళద్దాలక్కయ్య అంటాం. ఆవిడకు సంచి వచ్చేనాటికి నేనింకా పలక పట్టుకుని బడికెళుతున్నాను. కింద కళ్ళు చూపించుకోవడానికొచ్చినవాళ్ళు మా నవ్వులు విని, పైన పేకాట క్లబ్బేమో అనుకుంటారు.

కొత్తగా ఆపరేషనైనవాళ్ళ దగ్గరికి పాతవాళ్ళని పంపడం అక్కయ్య పద్ధతి. ఆడవాళ్ళ దగ్గరికి ఆడవాళ్ళని. ఉద్యోగం చేసేవాళ్ళ దగ్గరికి ఉద్యోగం చేసేవాళ్ళని. డాక్టరు చెప్పేది డాక్టరు చెబుతాడు, నర్సు చేసేది నర్సు చేస్తుంది, మనం వెళ్ళేది చూపించడానికి అంటుంది. ఏం చూపించడానికి? ఏమీ కనపడకపోవడాన్ని చూపించడానికి. అందుకని ఒంటికి పట్టినట్టుండే బట్టలే వేసుకుని వెళ్ళాలి. వెళ్ళి, పేషెంటు ముందు అటోసారి ఇటోసారి తిరిగి, సంచి ఏ పక్కనుందో చెప్పండి చూద్దాం అనాలి. ఎవరూ చెప్పలేరట. గంటలకొద్దీ మాట్లాడినా రాని ధైర్యం ఆ ఒక్క తిరుగుడుతో వస్తుందట.

ఇంకొక్క నియమం. గుమ్మంలోనే చెప్పెయ్యాలి. వాళ్ళింటివాళ్ళు అడక్కముందే, పలకరింపు పూర్తికాకముందే, నాకూ సంచి ఉందండీ అని చెప్పెయ్యాలి. లోపలికెళ్ళాక నువ్వెన్ని కోతలైనా కొయ్యి, గుమ్మంలో మాత్రం నిజం చెప్పు, అంది నన్ను పంపుతూ.

ఇలా రావడం నాకిదే మొదలు. నా మొట్టమొదటి పేషెంటు మీరే. మీ అదృష్టం అలా ఉంది, ఏం చేస్తాం.

వచ్చాను. మీవారు వరండాలో బల్లమీద కూర్చుని ఉన్నారు. చొక్కా బొత్తాలు ఒకటి పైకి ఒకటి కిందికి పెట్టుకుని ఉన్నారు పాపం. లోపల టీచరుగారిని చూడ్డానికొచ్చానండీ అన్నాను. ఆ ఒక్క ముక్కకే ఆయన తలెత్తారు. మీరు... మీరు రైల్లో మాట్లాడతారు కదండీ, అన్నారు.

అదేనండీ నా ఉద్యోగం. గొంతు ఉద్యోగం. రైల్లో వినపడుతుంది చూడండి, తలుపులు మూసుకుంటున్నాయి, దయచేసి తలుపులకు ఆనుకుని నిలబడకండి అని. అది నేనే. బ్యాంకుకు ఫోన్ చేస్తే, మీ కాల్ మాకెంతో ముఖ్యం, కాసేపు వేచి ఉండండి అని జనాన్ని ఏడిపించేదీ నేనే. పుస్తకాలు కూడా చదివి రికార్డు చేస్తాను, వాటిని మాత్రం ఎవరూ గుర్తుపట్టరు.

మీవారు రోజూ ఆ రైల్లోనే ఆఫీసుకు వెళతారట. తలుపులు మూసుకుంటున్నాయి అని నా రాగంలోనే అని వినిపించారు. ఎన్నాళ్ళయిందో ఆయన మొహంలో వెలుగొచ్చి. మీ గొంతు వింటే పొద్దున్నే స్నానం చేసినట్టుంటుందండీ, శుభ్రంగా, అన్నారు.

శుభ్రంగా. ఆ మాట ఆయన నోట రాకపోయుంటే నేను చెప్పేసేదాన్నేమో. ఏమో. అప్పుడూ చెప్పేదాన్ని కాదేమో.

ఆ తర్వాత ఆయన గొంతు తగ్గించారు. తలుపువైపు ఒకసారి చూశారు. మీక్కూడా... అదీ... అన్నారు. తన పొట్టమీద, ముట్టుకోకుండా, గాలిలో ఓ చిన్న సున్నా చుట్టారు.

ఛ, లేదండీ, అన్నాను నేను. ఊరికే సంఘం తరఫున వచ్చాను, అన్నాను.

మీవారు హమ్మయ్య అన్నట్టు చూశారు. ఆ చూపు నాకెంత హాయిగా ఉందో చెబితే మీరు నా మొహాన ఉమ్మేస్తారు.

లేదండీ అని ఊరుకుంటే ఒక్క అబద్ధంతో పోయేది. అబద్ధానికేం, పొద్దున లేస్తే సవాలక్ష ఆడతాం. ఆ ఛ ఎందుకన్నాను? అది అబద్ధం కూడా కాదు టీచరుగారూ. అది నిజంగానే వచ్చింది, లోపల్నుంచి. లేదండీ అన్నది నా గురించి. ఛ అన్నది మీ గురించి. తలుపు సందులోంచి వచ్చి తిన్నగా ఈ మంచంమీద పడింది.

కాలేజీలో నేను వాదన పోటీలకు వెళ్ళేదాన్ని. ఎదుటివాళ్ళ మాటలో పగులెక్కడుందో వెతికి సరిగ్గా అక్కడే గునపం దించేదాన్ని. నోరు తెరిచి పొరపాటున ఒక్క మాట ఎక్కువ అని, మొత్తం వాదన కూలగొట్టుకున్నవాళ్ళని చూసి నవ్వేదాన్ని. ఇవాళ నాకు ఒక మాట కూడా అక్కర్లేకపోయింది. ఒక్క అక్షరం సరిపోయింది. అదీ నాకెదురు వాదించేవాళ్ళు ఎవరూ లేనిచోట.

కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. ఉంది. నాకూ ఉంది. నాలుగేళ్ళయింది. పెద్దపేగంతా పుళ్ళు పడి, ఏ మందుకూ లొంగక, చివరికి తీసేశారు. మీకు గడ్డ వచ్చిందని తీశారు, నాకు పుళ్ళు పడ్డాయని తీశారు. దారులు వేరు, దిగిన స్టేషను ఒకటే.

ఇదిగో, లేచి నిలబడ్డాను. అక్కయ్య చెప్పినట్టు ఒంటికి పట్టిన బట్టలే వేసుకొచ్చాను. ఏ పక్కనుందో చెప్పండి చూద్దాం.

చూడరా? పోనీలెండి, చూడకపోవడమే మంచిది. ఇదీ మోసమే. నిన్న మధ్యాహ్నం నుంచి పచ్చిమంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు నేను. సంచి ఉబ్బకూడదని. మీ ముందు ఇలా చదునుగా తిరగాలని. తినండీ తినండీ అని మీకు చెప్పడానికి నేను పస్తుండి వచ్చాను. నవ్వొస్తే నవ్వండి, గోడకేసి తిరిగే నవ్వండి, నేను చూడను.

నాకు పస్తులు కొత్తేం కాదు. రికార్డింగు ఉందంటే ముందురోజే నోరు కట్టేసుకుంటాను. మేం పనిచేసే గది మీరు చూసుండరు. గోడలకు, తలుపుకు, కప్పుకు మెత్తలు కుట్టుంటాయి. బయట పిడుగు పడినా లోపలికి వినపడదు. లోపల గుటక వేస్తే మాత్రం బయటికి వినపడుతుంది. అద్దానికవతల సౌండు చూసే ఆయన కూర్చుంటాడు. మేం చెవులాయన అంటాం. చెవులకు ఆ డిప్పలు తగిలించుకున్నాడంటే, నాకు జలుబు చెయ్యబోతోందని నాకంటే ముందు ఆయనకు తెలుస్తుంది.

అలాంటిచోట ఇది. సంచి లోపలున్న పేగు మూతి. నర్సులు స్టోమా అంటారు. దానికి మూసుకోవడం తెలీదు. పిలవకుండా మాట్లాడుతుంది, ఊరుకోమంటే మరీ మాట్లాడుతుంది, నలుగురూ ఉన్నప్పుడైతే ఇక చెప్పక్కర్లేదు. అందుకే దానికి అత్తగారని పేరు పెట్టాను. నాకు పెళ్ళి కాలేదు లెండి. అత్తగారు మాత్రం ముందే దిగింది.

ఆపరేషన్ తర్వాత మొదటిసారి పనిలోకి వెళ్ళిన రోజు ఏదో బ్యాంకువాళ్ళ ప్రకటన చదువుతున్నాను. మీ నమ్మకమే మా ఆస్తి. సరిగ్గా ఆస్తి దగ్గర మాట్లాడింది అత్తగారు. చెవులాయన చెయ్యెత్తాడు. ఏంటి మేడం ఆ చప్పుడు, అన్నాడు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, కుర్చీ అండీ, అన్నాను.

ఇక ఆ కుర్చీ బతుకు బస్టాండయిపోయింది. ముందు నూనె పోశారు. తర్వాత కాళ్ళకు రబ్బరు తొడుగులు వేశారు. తర్వాత దాన్ని తీసేసి ఇంకో కుర్చీ తెచ్చారు. అదీ చప్పుడు చేసింది. వడ్రంగిని పిలిపించారు. ఆయన దాన్ని తలకిందులు చేసి చూశాడు, ఊపి చూశాడు, తనే ఎక్కి కూర్చుని గెంతి చూశాడు. ఇందులో ఏ లోపమూ లేదండీ, ఉంటే కూర్చునేవాళ్ళలో ఉండాలి, అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా.

ఇప్పుడు నిలబడి చదువుతున్నాను. నిలబడితే గొంతు బాగా పలుకుతుందని నమ్మబలికాను. నిలబడ్డాక చప్పుడొస్తే దగ్గుతాను. నాకేదో ఎలర్జీ అనుకుని చెవులాయన నా బల్లమీద బిళ్ళలు పెడుతుంటాడు. మంచివాడు. ఆ బిళ్ళలు వేసుకుంటున్నాను కూడా. అబద్ధానికి మందు వాడే పేషెంటుని మీరెక్కడైనా చూశారా?

మరి ఆపరేషను గురించి ఏం చెప్పావంటారా? నేనేం చెప్పలేదు. మా అమ్మ చెప్పింది. అపెండిక్స్ అని. చుట్టాలకు, పక్కింటివాళ్ళకు, మా స్టూడియోకు, అందరికీ ఒకటే మాట. అపెండిక్సుకు ఇన్ని రోజులా ఆసుపత్రి అని మా పిన్ని అడిగితే, మా అమ్మాయిది కాస్త పెద్ద అపెండిక్స్‌లే అంది. పక్క గదిలో పడుకుని విన్నాను. అమ్మను నేనేమీ అనను. ఆవిడ అబద్ధం ఆడింది, నేను దుప్పటి కప్పుకుని దాన్ని ఒప్పుకున్నాను.

ఈ నాలుగేళ్ళలో అమ్మ నా పొట్టవైపు ఒక్కసారి చూడలేదు. నేనూ చూపించలేదు. స్నానాల గదిలో కుళాయి ధారగా వదిలి, ఆ చప్పుడులో మార్చుకుంటాను. నీళ్ళన్నీ వృథా చేస్తున్నావే అని బయట్నుంచి అరుస్తుంది. ఎందుకు వదిలానో ఆవిడకు తెలుసు. తెలిసే అరుస్తుంది. మా ఇద్దరికీ అదో ఒప్పందం.

అక్కయ్య దగ్గరికి ఎలా చేరానో చెబితే మీరు నమ్మరు. ఆసుపత్రిలో నర్సు ఆ కొట్టు గుర్తులు చెప్పి, పైన మీవాళ్ళు కలుస్తారు వెళ్ళు అంది. వెళ్ళాను. కొట్టులోకి అడుగుపెట్టగానే ఆవిడ ఏం కావాలమ్మా అంది. నా నోట్లోంచి, కళ్ళు సరిగ్గా కనపడటం లేదండీ అని వచ్చింది. కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి అక్షరాలన్నీ చదివించింది. చదువుతూ మధ్యమధ్యలో కావాలని తప్పులు కూడా చెప్పాను. అద్దాలు చేయించుకుని ఇంటికొచ్చేశాను. పెట్టుకుంటే కళ్ళు తిరిగాయి. మళ్ళీ వెళ్ళాను, ఇవి పడటం లేదండీ అని. ఆవిడ నా మొహంలోకి చూసి, అద్దాలు లాక్కుని సొరుగులో పడేసింది. నీ కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి, మెట్లెక్కు, అంది.

ఎక్కాను. తలుపు పక్కనే కూర్చున్నాను, పారిపోవడానికి వీలుగా. ఒక పెద్దాయన, లారీ తోలి తోలి రిటైరైనాయన, మనవడి గురించి ఏదో చెబుతున్నాడు. మధ్యలో ఎవరిదో చప్పుడైంది. పెద్ద చప్పుడే. పెద్దాయన మాట ఆపలేదు. వినేవాళ్ళూ తల తిప్పలేదు. మనవడి కథ అలా సాగిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది. మాట ఆపకపోవడం ఇంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలీదు టీచరుగారూ.

ఇప్పుడు ఆ గదిలో అందరికంటే ఎక్కువ వాగేది నేనే. సిగ్గెందుకు, ఎవడికి భయపడాలి అని కొత్తవాళ్ళకు ఉపన్యాసాలిస్తాను. అది చూసే అక్కయ్య నన్ను మీ దగ్గరికి పంపింది, దీని నోటికి తాళం లేదు కదా అని. మెట్లు దిగి రోడ్డుమీదికొచ్చాక నాది మళ్ళీ అపెండిక్సే అని ఆవిడకు తెలీదు. ఇవాళ గుమ్మంలో ఏమన్నానో కూడా తెలీదు. తెలిస్తే...

...

అయ్యయ్యో, ఏం చేస్తున్నారండీ. దిండు తియ్యండి. కుట్లమీద అలా అదమకూడదు. వదలండి టీచరుగారూ, ఎవరూ లేరు ఇక్కడ, నేనే కదా ఉన్నది.

ఏమన్నారు?

క్షమించమన్నారా?

ఒక్క నిమిషం. నన్ను ఊపిరి పీల్చుకోనివ్వండి.

వచ్చిన దగ్గర్నుంచి మీ నోట వచ్చిన మొదటి మాట అదా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. మీరు అసలు కాయే ఎత్తుకోకుండా తడుముకుంటున్నారు. ఆ చప్పుడు మీది కాదు. నాది. ఖాళీ కడుపు ఎక్కువ మాట్లాడుతుందని మా నర్సు మొదట్లోనే చెప్పింది, పస్తులుంటే గాలి ఇంకా ఎక్కువవుతుందని. నేను నమ్మలేదు. వాదించి ఆవిడ నోరు మూయించాను. ఆవిడ నోరైతే మూసుకుంది.

ఇటు తిరిగారు. తిరిగారు కాబట్టి మీ మొహం చూసి ఇంకో మాట కూడా చెప్పాలి. మీరు దిండు అదుముకున్నారు చూడండి, అప్పుడు నేను వెంటనే నోరు విప్పలేదు. తనదే అనుకోనీలే, అనిపించింది. ఆపరేషనైన మనిషి, కదల్లేని మనిషి, మీమీదికి తోసెయ్యాలనిపించింది. ఈ కుర్చీని వెనక్కి జరపడానికి చెయ్యి కూడా వెళ్ళింది. అలవాటు. మీరు క్షమించమనేసరికి ఆగింది.

అలా చూడకండి, ఏదో ఒకటి అనండి.

నొప్పా? దానికి నొప్పి లేదండీ. మీరింకా చూసుకోలేదు కదా. నర్సు మార్చేటప్పుడు కళ్ళు మూసుకుంటున్నారట. బుగ్గ లోపలివైపు ఎలా ఉంటుంది, ఎర్రగా, తడిగా, అలా ఉంటుంది అంతే. మీది ఇప్పుడు వాచి ఉంటుంది. నెల తిరిగేసరికి తగ్గిపోతుంది.

చూపించమంటారా? వాళ్ళంతట వాళ్ళు అడిగితేనే చూపించాలని అక్కయ్య చెప్పింది. అడిగారు కదూ మీరు? నేనే అడిగించుకుంటున్నానా?

ఉండండి, తలుపు వేసొస్తాను.

ఇదిగో. ఈ పక్కన. ఇంతే. ఈ చుట్టూ ఉన్నది అంటుకునే ప్లేటు, దీనికి సంచి. కింద ఈ మూతి విప్పి ఖాళీ చేసుకోవడం. మీరు ముట్టుకోవచ్చు. ఆసుపత్రివాళ్ళు కాకుండా దీన్ని చూసినవాళ్ళలో మీరే మొదలు.

చాలా? చాలు.

పరీక్ష హాలా? పిల్లలంతా రాసుకుంటూ, సూది పడితే వినపడేంత నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చప్పుడొస్తేనా? అది నన్నా అడుగుతున్నారు? నేను చెప్పిందంతా విన్నారు కదా. మా సంఘంలో ఒకావిడ కోర్టులో గుమాస్తా, అక్కడా నిశ్శబ్దమే, ఆవిడనడుగుదురుగాని. ముందు మీరు ఈ మంచం దిగాలి కదా. దిగాలంటే ఏం చెయ్యాలి?

తలుపు చప్పుడు. మీవారనుకుంటా. దుప్పటి సరిచేసుకోండి.

రండి, రండి సార్. లేదండీ, నిద్రపోవట్లేదు, మాట్లాడుకుంటున్నాం. సూపా? బ్రెడ్డు కూడా తెచ్చారా, మంచి పని చేశారు. ఇలా పెట్టండి. వేడిగా ఉందా? అయితే కాసేపాగి...

...

సార్, ఆవిడవైపు చూడకండి. ఆ చప్పుడు చేసింది ఆవిడ కాదు. నేను.

అవునండీ, నేనే. నాకూ ఉంది సంచి. ఇందాక గుమ్మంలో మీరడిగితే లేదన్నాను. ఉంది. రైల్లో తలుపులు మూసుకుంటున్నాయని చెప్పేదీ నేనే, ఇప్పుడు మీరు విన్నదీ నేనే. రెండూ ఒకే మనిషివి. అప్పుడు ఛ అన్నాను చూడండి, అది అనకూడని మాట. మీతో అన్నాను కానీ ఆవిడకు తగిలింది. మీ ఇద్దరి ముందూ వెనక్కి తీసుకుంటున్నాను.

అయ్యో, మీరెందుకండీ క్షమించమంటారు. మీరేం చేశారు, రైలెక్కడం తప్ప. ఏం ఫరవాలేదు. ఒక పని చెయ్యండి, కింద పండ్లబండి ఉంది, మాగిన అరటిపండ్లు తెండి. ఆవిడకు మంచిదని నర్సు చెప్పింది. తొందరేం లేదు, నెమ్మదిగా రండి.

వెళ్ళారు.

ఎందుకలా చూస్తున్నారు టీచరుగారూ? ఏదో ఘనకార్యం చేసినట్టు. వద్దు. కళ్ళు తుడుచుకోండి. ఆ చప్పుడు ఎవరిదో మీకు తెలుసు, నాకు తెలుసు. మా అత్తగారు అప్పుడు నోరు మూసుకునే ఉంది.

మీది కాబట్టి నాదన్నాను. నాదే అయ్యుంటే అనేదాన్ని కాదు. ఒకరి బరువు నెత్తినెత్తుకుంటే త్యాగంలా ఉంటుంది, గొంతు వణకదు, దర్జాగా కూడా ఉంటుంది. చూశారు కదా ఎంత దర్జాగా చెప్పానో, రైల్లో చెప్పినట్టే చెప్పాను. ఒక్క నిజం చెప్పడానికి నాకు మీ చప్పుడు అరువు కావలసొచ్చింది. ఇది ధైర్యమని మాత్రం మీరు ఎవరికీ చెప్పకండి. అక్కయ్యకు అసలే చెప్పకండి.

సరే, ఆ గిన్నె అందుకోండి. చెంచా నేను పట్టను, మీరే పట్టుకోవాలి. ఊదుకుని తాగండి. అదీ. దిగిందా గొంతు? ఇంకోటి.

నాకా? నాకొద్దు. రేపు పొద్దున నాకు రికార్డింగుంది.

చెంచా ఎందుకు దించేశారు? ఎత్తండి. రెండు చెంచాలకే అయిపోయిందా? ఆ చూపేమిటండీ, ఈ చూపుతోనేనా పిల్లలచేత ఎక్కాలు అప్పజెప్పించుకునేది?

నేను తింటేగానీ తినరా? ఇదెక్కడి పేచీ. నేను మీచేత తినిపించడానికొస్తే మీరు నాచేత... సరే, ఇటివ్వండి ఆ బ్రెడ్డు. సగం చాలు.

తింటున్నాను. చూడండి, మింగాను. ఇప్పుడు తాగండి మీరు.

రేపు పొద్దున అక్కడ ఇది మాట్లాడుతుంది. అద్దానికవతల ఆయన చెయ్యెత్తి, ఏంటి మేడం అంటాడు. అప్పుడు నేనేమంటానో నాకిప్పుడే తెలుసు టీచరుగారూ. మీకు చెప్పాలంటే సిగ్గేస్తోంది.

తాగండి, చల్లారిపోతోంది.